పది నిమిషాలకే పాత గేమింగ్ లాప్‌టాప్ కాలిపోతోంది, గేమ్ ముక్కలు ముక్కలుగా ఆడుతోంది. అమ్మేయాలా, బాగు చేసుకోవచ్చా?

జ్ఞానాపురం_చిన్నోడు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, జ్ఞానాపురం. 2018లో నాన్న చీటీ పాడి, ఆ డబ్బుతో అన్నయ్య బీటెక్ కోసం ఒక గేమింగ్ లాప్‌టాప్ కొన్నారు. ఐ5-7300హెచ్‌క్యూ ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ 4 జీబీ, ర్యామ్ 8 జీబీ ఒకటే స్టిక్, 1 టీబీ హార్డ్‌డిస్క్. అన్నయ్య ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాడు, ఇప్పుడు అది నాది.

ఆదివారం రాత్రి పది గంటలకు అన్నయ్యా నేనూ జీటీఏ 5 ఆన్‌లైన్‌లో కలిసి ఆడతాం. వారం మొత్తం మీద మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకునేది అప్పుడే. మొదటి పది నిమిషాలు 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 బొమ్మలు) వస్తుంది. తర్వాత ఒక్కసారిగా 22, 25కి పడిపోతుంది. కారు మలుపు తిప్పితే రెండు సెకన్లకు తిరుగుతుంది. కీబోర్డు మీద డబ్ల్యూ కీ దగ్గర వేలు ఆనించలేకపోతున్నాను. ఫ్యాన్ మిక్సీలా అరుస్తోంది. పోయిన ఆదివారం అయితే ఏకంగా ఆఫ్ అయిపోయింది.

ఇప్పటిదాకా చేసినవి: 900 పెట్టి కూలింగ్ ప్యాడ్ కొన్నాను, రెండు మూడు డిగ్రీలకు మించి తేడా లేదు. విండోస్ మళ్లీ ఎక్కించాను. గేమ్ బూస్టర్ అని ఏదో వేసి తీసేశాను. ఒక షాపులో చూపిస్తే పది నిమిషాలు చూసి, మదర్‌బోర్డు మార్చాలి, 14 వేలు అవుతుంది అన్నారు. నా దగ్గర మూడు నాలుగు వేలకు మించి లేవు. నాన్న కొన్న వస్తువు, అమ్మడానికి చెయ్యి రావట్లేదు. ఏం చేయమంటారు?

గాజువాక_గేమర్:

బ్రో, మన ఊరి ఉక్కపోతకు ఏ లాప్‌టాప్ అయినా అంతే. మా ఇంట్లో ఎయిర్ కూలర్ ముందు పెట్టుకుని ఆడతాను. బ్యాటరీ తీసేసి డైరెక్ట్ కరెంటు మీద ఆడినా వేడి తగ్గుతుందంటారు, ప్రయత్నించి చూడు.

స్క్రూడ్రైవర్_కంచరపాలెం:

తమ్ముడూ, 14 వేలు ఎవరికీ ఇవ్వకు, ఆగు. నేను పదహారేళ్లుగా ఈ రిపేర్ల బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. పది నిమిషాలు బాగా ఆడి తర్వాత పడిపోయే గేమ్‌కు, మదర్‌బోర్డుకు చాలా అరుదుగా సంబంధం ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకు శక్తి చాలకపోతే మొదటి నిమిషం నుంచే 25 వచ్చేది. 60 వచ్చి పడిపోయిందంటే వేడికి ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోందని అర్థం. ఆ ప్రాసెసర్ తట్టుకునే హద్దు 100 డిగ్రీలు. ఆ దరిదాపుల్లోకి రాగానే అది స్పీడు తగ్గిస్తుంది. అప్పటికీ వేడి ఆగకపోతే మెషీన్ ఆఫ్ అయిపోతుంది.

గాజువాక తమ్ముడికి కూడా చెబుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. ఉక్కపోత మనిషికి. గాలిలో తేమ ఎక్కువైతే మన చెమట ఆరదు, అందుకే ఉడికిపోతాం. లాప్‌టాప్‌కు చెమట పట్టదు. దానికి కావలసింది లోపలికి వెళ్లే గాలి ఎన్ని డిగ్రీలు ఉందన్నదే. అసలే తేమ నిండిన మన ఊళ్లో ఎయిర్ కూలర్ గాలిని పెద్దగా చల్లబరచదు, పైగా ఇంకాస్త తడిని మెషీన్ లోపలికి తోస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి అది తోడైతే లోపల వేడిని వదిలే సన్నటి రాగి రెక్కలు ఆకుపచ్చగా మారతాయి, స్క్రూలు తుప్పు పడతాయి. ఈ పచ్చదనం నేను వారానికి ఒకసారైనా చూస్తాను. బ్యాటరీ తీసేయడం కూడా వద్దు. చాలా మోడళ్లలో బ్యాటరీ లేకపోతే ప్రాసెసర్ వేగం ఇంకా తగ్గిపోతుంది, కరెంటు పోతే మెషీన్ ఠక్కున ఆగిపోతుంది.

చిన్నోడా, ముందు కొలుద్దాం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో. నాకు కావలసినవి: ఏమీ చేయకుండా ఉన్నప్పుడు వేడి ఎంత, గేమ్ పడిపోయినప్పుడు ప్రాసెసర్ వేడి ఎంత, ఆ క్షణంలో గడియారం వేగం ఎన్ని గిగాహెర్ట్జ్‌లు. వీటితోపాటు టిష్యూ పేపర్ సన్నగా చింపి, వెనక గాలి బయటకు వచ్చే సందుల దగ్గర పట్టుకో. ఎంత ఊగుతుందో చెప్పు. చార్జర్ మీద ఎన్ని వాట్లు ఉందో కూడా చూడు. అసలు చార్జర్ పాడై ఎవరిదో 65 వాట్ల చార్జర్ పెట్టి ఆడేవాళ్లు ఉంటారు, అలా ఆడినా స్పీడు పడిపోతుంది.

జ్ఞానాపురం_చిన్నోడు:

అన్నా, చూశాను. ఖాళీగా ఉంటే 64. గేమ్ పెట్టిన నాలుగు నిమిషాలకే 97. పడిపోయినప్పుడు 3.1 నుంచి 1.3 గిగాహెర్ట్జ్‌కు వచ్చేసింది. గ్రాఫిక్స్ కార్డు 79. గదిలో 32 డిగ్రీలు ఉంది. చార్జర్ కొన్నప్పటిదే, 135 వాట్లు. టిష్యూ కుడి పక్క బాగా ఎగురుతోంది. ఎడమ పక్క కదలడం లేదు, కానీ ఫ్యాన్ మాత్రం అక్కడే గట్టిగా అరుస్తోంది.

స్క్రూడ్రైవర్_కంచరపాలెం:

దొరికింది. ఎడమ పక్క ఫ్యాన్ తిరుగుతోంది, గాలి బయటకు పోవట్లేదు. ఫ్యాన్ అరిచి గాలి రాకపోతే దారి మూసుకుపోయినట్టు. గాలి బాగా వచ్చి, అది చల్లగానే ఉండి, ప్రాసెసర్ మాత్రం కాలిపోతుంటే, చిప్ వేడిని రాగికి అందించే పేస్టు ఎండిపోయినట్టు. గాలి బాగా వచ్చి వేడిగా కూడా ఉంటే లోపల అంతా సరిగ్గానే ఉంది, గేమే బరువు. నీది మొదటి రకం. ఎనిమిదేళ్ల మెషీన్ కాబట్టి రెండోది కూడా ఉండి తీరుతుంది. మీ జ్ఞానాపురం వైపు నల్లటి ధూళి సంగతి నేను చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రం కాలు పెడితే అచ్చు పడుతుంది. ఆ ధూళే నీ లాప్‌టాప్ ఎనిమిదేళ్లుగా పీలుస్తోంది.

బయట నుంచి ఊదితే పోదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య ఒక పొర పేరుకుంటుంది. వెనక సందులోంచి ఊదితే రెక్కల అవతల నుంచి కదిలి ఫ్యాన్‌లో పడుతుంది, మళ్లీ ఫ్యాన్ తిరగ్గానే యథాస్థానానికి వస్తుంది. ఫ్యాన్ విప్పి తీయాల్సిందే. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉన్నా బోర్డు మీద పెట్టకు, స్టాటిక్ కరెంటు ప్రమాదం ఉంది.

నీ చేత్తో నువ్వే చేసుకోవచ్చు. కావలసినవి: పీహెచ్0 సైజు స్క్రూడ్రైవర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి పెయింటు బ్రష్, పాత ఏటీఎం కార్డు, మంచి థర్మల్ పేస్టు ఒక ట్యూబు. నేను ఆర్కిటిక్ ఎంఎక్స్-4 ఎక్కువ వాడతాను. తెల్లగా, ఊరూపేరూ లేకుండా చిన్న ప్యాకెట్లలో వచ్చే పేస్టు వద్దు, ఆరు నెలలకే సున్నంలా ఎండిపోతుంది.

చార్జర్ తీసి, ఆఫ్ చేసి, కింది మూత విప్పు. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే అరచేతి పక్క ప్లాస్టిక్ పైకి పొడుచుకొస్తుంది. నేను ఇడ్లీ పళ్లెం వాడతాను, ఒక్కో గుంటలో ఒక్కో మూల స్క్రూలు వేసుకుంటాను. మూత స్క్రూడ్రైవర్‌తో ఎత్తకు, కార్డుతో ఎత్తు. తెరవగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ పీకి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకో. అప్పుడే మిగతా పని. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడితో ఆపేసి నాకు చెప్పు, దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు.

రాగి గొట్టాలు ఉన్న ఆ పట్టీని హీట్‌సింక్ అంటారు. దాని స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు వేసి ఉంటాయి. విప్పేటప్పుడు వెనక నుంచి, బిగించేటప్పుడు ముందు నుంచి, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా తిప్పు. ఒక మూల పూర్తిగా బిగిస్తే కింద ఉన్న అద్దం లాంటి చిప్ పగలొచ్చు. ఆ గొట్టాలను వంచకు. వాటిలో కొద్దిగా నీరు ఉంటుంది. వేడి పక్కన ఆవిరై, చల్లటి కొనకు పోయి, నీరై వెనక్కి వస్తుంది. వంగి నలిగితే ఆ దారి పోతుంది.

పేస్టు చిప్ మీద బియ్యపు గింజంత చాలు. అంచుల దాకా పల్చగా పరుచు. గ్రాఫిక్స్ చిప్ చుట్టూ చిన్న మెమరీ చిప్‌ల మీద మెత్తటి ప్యాడ్లు ఉంటాయి, బూడిద రంగో నీలమో. చిరగకపోతే అవే ఉంచు. చిరిగితే అంతే మందం ఉన్నవి కొని వెయ్యాలి. ప్యాడ్ ఉండాల్సిన చోట పేస్టు పూస్తే మధ్యలో ఖాళీ మిగిలి మెమరీ కాలిపోతుంది. ఈ తప్పు వల్ల చచ్చిపోయిన మెషీన్లు నా దగ్గరకు చాలా వచ్చాయి. ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను, ఎందుకంటే బాగు చేద్దామని చేసిన పనే దాన్ని చంపింది.

ఫ్యాన్ తుడిచేటప్పుడు రెక్కను వేలితో పట్టుకో, గాలికి గిరగిరా తిరగనివ్వకు.

ఎంవీపీ_అక్క:

కంచరపాలెం అన్నగారు లోపలి పని చెప్పారు, నేను బయటి పని చెబుతాను. నాదీ మీలాంటి లాప్‌టాపే, అదే ప్రాసెసర్. ఇంకా వాడుతున్నాను.

మీ స్క్రీన్ 60 హెర్ట్జ్‌దే అయి ఉంటుంది. అది సెకనుకు 60 బొమ్మలకు మించి చూపించదు. గేమ్‌లో మీరు ఇంటి లోపల ఉన్నప్పుడో, మెనూలోనో కార్డు 90, 100 గీస్తూ ఉంటుంది, అదంతా ఉత్త వేడి. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే రాగి గొట్టాలను పంచుకునే లాప్‌టాప్‌లు ఎక్కువ, కాబట్టి ఒకదాన్ని తగ్గిస్తే రెండోదానికీ ఊపిరి ఆడుతుంది. జీటీఏ 5లో ఎంఎస్ఏఏ (బొమ్మల అంచులను నునుపు చేసే సెట్టింగ్) పూర్తిగా తీసేయండి, గ్రాస్ నార్మల్ పెట్టండి. ఊరి బయట గడ్డిలోకి వెళ్లగానే పడిపోయేది ఆ గ్రాస్ వల్లే. టెక్స్చర్లు తగ్గించక్కర్లేదు, 4 జీబీ కార్డు మోస్తుంది.

చాలామంది పవర్ ఆప్షన్లలో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 పెట్టమంటారు. దానివల్ల టర్బో, అంటే అవసరమైనప్పుడు ప్రాసెసర్ వేగం పెంచుకోవడం, ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది, నిజమే. కానీ మన ప్రాసెసర్ 2.5 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. నాలుగే కోర్లు, నాలుగే థ్రెడ్‌లు కాబట్టి జీటీఏ లాంటి గేమ్‌లో కుదుపులు వస్తాయి. వేరే దారి లేనప్పుడు పెట్టుకోవచ్చు గానీ, నాకైతే అండర్‌వోల్ట్ మేలు అనిపించింది.

అండర్‌వోల్ట్ అంటే అదే వేగానికి కొంచెం తక్కువ వోల్టేజీ ఇవ్వడం. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్, క్యాష్ రెండింటికీ ఒకే అంకె పెట్టాలి. మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి పది పది తగ్గిస్తూ, ప్రతిసారీ అరగంట ఆడి చూడండి. ఫ్రీజ్ అయితే ఆ అంకె మీ చిప్‌కు పడలేదు, రీస్టార్ట్ చేసి 20 వెనక్కి రండి. నాది మైనస్ 100 దగ్గర నిలబడింది, ఆరేడు డిగ్రీలు తగ్గింది. ఒక వారం ఏ ఇబ్బందీ లేకుండా నడిచాకే విండోస్‌తో పాటు మొదలయ్యేలా పెట్టండి. ఒకవేళ ఆ ఆప్షన్ తాళం పడి కనిపిస్తే కంగారు పడకండి. 2019 చివర్లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయాస్ (మెషీన్ ఆన్ అవ్వగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో దీన్ని మూసేశాయి. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా పనిచేయకపోవచ్చు. దీని కోసం పాత బయాస్ ఎక్కించే సాహసం మాత్రం చేయవద్దు.

మంచం మీద ఆడకండి. దుప్పటి కింద నుంచి గాలి లాగలేదు. వెనక పక్క రెండు అంగుళాలు ఎత్తండి, రెండు పాత పుస్తకాలు చాలు.

జ్ఞానాపురం_చిన్నోడు:

ఆదివారం పొద్దున విప్పాను. ఇంత టెన్షన్ నాకు పరీక్షలప్పుడు కూడా లేదు. అన్న చెప్పినట్టే అమ్మను అడిగి ఇడ్లీ పళ్లెం తెచ్చుకున్నాను. ఎడమ మూల స్క్రూ ఒకటి తుప్పు పట్టి తిరగలేదు. బలవంతం చేయకుండా రెండు చుక్కలు ఆల్కహాల్ వేసి, ఐదు నిమిషాలు ఆగి, గట్టిగా కిందికి నొక్కి తిప్పితే వచ్చింది. బ్యాటరీ చదునుగానే ఉంది.

ఎడమ ఫ్యాన్ తీశాక కనిపించింది చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాగి రెక్కల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పొర. నల్లగా, మందంగా, గొంగళి ముక్కలా ఉంది. గోటితో అంచు పట్టుకుని లాగితే చిరగకుండా ఒకే ముక్కగా ఊడి వచ్చింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అందులో అమ్మ తలవెంట్రుకలు, మంచం మీద దుప్పటి నూలు, మధ్యలో మెరిసే నల్లటి పొడి. దాని వెనక రెక్కలు కొత్తవాటిలా ఉన్నాయి, చివర్లు మాత్రం అన్న చెప్పిన ఆ పచ్చరంగులో. ఇన్నేళ్లూ ఆ ఫ్యాన్ దీన్నే నెట్టుకుంటూ అరిచిందన్నమాట.

ప్రాసెసర్ మీద పేస్టు బిస్కెట్ పొడిలా రాలింది. మధ్యలో అసలు పేస్టే లేదు, అంతా అంచులకు పోయింది. తుడిచి కొత్తది వేశాను. ప్యాడ్లు చిరగలేదు, వాటిని ముట్టుకోలేదు. బిగించి ఆన్ చేస్తే మొదటి ఐదారు సెకన్లు స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. ఆ ఐదారు సెకన్లు నాన్న తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. తర్వాత వచ్చింది.

ఇప్పుడు ఖాళీగా ఉంటే 46. అదే గదిలో, అదే 32 డిగ్రీల్లో, గంట ఆడాక 84. గడియారం 3.1 దగ్గరే నిలబడింది. అక్క చెప్పినట్టు 60కి కట్టేసి, గ్రాస్ తగ్గించి, మైనస్ 80 పెట్టాక 77కి వచ్చింది. మైనస్ 90లో ఒకసారి ఫ్రీజ్ అయింది, అందుకే 80 దగ్గర ఆగాను. ఎఫ్‌పీఎస్ 54 నుంచి 60 మధ్య ఉంటోంది. రాత్రి అన్నయ్యా నేనూ రెండున్నర గంటలు ఆడాం. అన్నయ్య కారు వెనకే నా కారు కొండ దారి మొత్తం తగలకుండా నడిపాను. "ఏరా, కొత్త లాప్‌టాప్ కొన్నావా?" అని అడిగాడు. ఆ నల్ల గొంగళి ముక్క ఫొటో పంపాను.

ఖర్చు మొత్తం 1,150 అయింది, స్క్రూడ్రైవర్‌తో కలిపి. మిగిలిన డబ్బుతో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయనా, ఎస్‌ఎస్‌డీ వేయనా? ఇంకోటి అన్నా, ఎడమ ఫ్యాన్ ఆన్ అయిన మొదటి నిమిషం టిక్ టిక్‌మని చప్పుడు చేస్తోంది.

స్క్రూడ్రైవర్_కంచరపాలెం:

శభాష్ తమ్ముడూ. నిజంగా చాలా సంతోషంగా ఉంది.

ముందు ఎస్‌ఎస్‌డీ వెయ్యి. ఎఫ్‌పీఎస్ పెరగదు, ఆ ఆశ పెట్టుకోకు. కానీ వేగంగా వెళ్తుంటే రోడ్డు, బిల్డింగులు ఆలస్యంగా ప్రత్యక్షం కావడం తగ్గుతుంది, మెషీన్ మొత్తం చురుగ్గా అవుతుంది. హార్డ్‌డిస్క్‌కు కూడా ఎనిమిదేళ్లు వచ్చాయి, అన్నయ్య పాత ఫొటోలు ఏమైనా ఉంటే ఈ వారమే కాపీ చేసి పెట్టుకో. ర్యామ్ తర్వాత. రెండో స్టిక్ వేస్తే డ్యుయల్ ఛానల్ అయి, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేసి, అప్పుడప్పుడు వచ్చే చిన్న కుదుపులు తగ్గుతాయి. డీడీఆర్4, 2400 లాప్‌టాప్ ర్యామ్ అని అడుగు. ఇప్పుడు ర్యామ్ ధర రోజుకో రకంగా ఉంది, ద్వారకానగర్‌లో రెండు మూడు చోట్ల అడిగే కొను.

ఫ్యాన్ చప్పుడు బేరింగ్‌ది. ఇన్నేళ్లు ఆ పొరను నెట్టి అరిగిపోయింది. నూనె వేయమని ఎవరైనా చెబితే వేయకు, రెండు వారాలు బాగుండి తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఫ్యాన్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఆ పార్ట్ నంబరుతోనే ఆర్డర్ పెట్టు. లాప్‌టాప్ మోడల్ పేరుతో పెడితే కుడిదాని బదులు ఎడమది, ఎడమదాని బదులు కుడిది వస్తాయి. చప్పుడు మొదటి నిమిషమే ఉండి ఆగిపోతుంటే తొందరేం లేదు. ఆడుతున్నంతసేపూ వస్తే మాత్రం ఆపెయ్.

మీ ఏరియాలో ఆరు నెలలకోసారి మూత తెరిచి బ్రష్ కొట్టు. పేస్టు ప్రతిసారీ మార్చక్కర్లేదు, వేడి మళ్లీ పెరిగితేనే.

జ్ఞానాపురం_చిన్నోడు:

అలాగే అన్నా. విప్పినప్పుడే స్టిక్కర్ ఫొటో తీసి పెట్టాను, నంబరు స్పష్టంగా ఉంది. ఈ రోజే ఫ్యాన్ ఆర్డర్ పెట్టాను, శుక్రవారం వస్తుందంటున్నారు. ఇడ్లీ పళ్లెం శనివారం మళ్లీ కావాలని అమ్మకు చెప్పాను. ఈసారి నాన్న పక్కన కూర్చుని స్క్రూలు తానే అందిస్తానన్నారు.